పరామర్శ

తెలుగు నాట ఒక యింటిలో జబ్బు ప్రవేశించినదన్న వార్త వీథి చివరకు చేరుటకు ఒక పూట చాలును. మరునాటి నుండి పరామర్శ మొదలగును. బత్తాయి పండ్ల సంచితో ఒకరు, హార్లిక్స్ సీసాతో ఒకరు, వట్టి చేతులతో వచ్చి కన్నీరు పెట్టుకొనువారు కొందరు. వచ్చినవారు మంచము ప్రక్కన కూర్చుండి ముందుగా ‘ఎట్లు వచ్చినది?’ అని అడుగుదురు. జవాబు సగములో నుండగానే, తమ యెరుకలో అదే జబ్బు చేసినవారి కథ ఎత్తుకొందురు. ఆ కథ తరచు మంచిగా ముగియదు. ఇక లేచునప్పుడు ఒక వైద్యుని పేరో, ఒక ఆకుపసరో, ఒక మ్రొక్కో చెప్పి సెలవు తీసికొందురు. ఇన్నిటి నడుమ రోగి నోరు విప్పుటకు సందు దొరకదు.

ఇందు పరిహసింపదగినది ఏదియు లేదు. ఒకనాటి కూలి మానుకొని, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి ప్రేమను శంకింపరాదు. పది దినములలో దిగిపోవు జ్వరమునకు ఆ ప్రేమ చాలును. జ్వరము దిగును, పండ్లు అయిపోవును, కథ మరపున పడును. చిక్కు వచ్చుచున్నది పది దినములలో దిగని జబ్బుల యెడల. ఐదేండ్లు, పదేండ్లు, ఒక్కొక్కప్పుడు జీవితాంతము మనిషితో కాపురము చేయు జబ్బుకు ఈ పరామర్శ సరిపోదు. మొదటి నెలలో వచ్చిన జనము మూడవ నెలలో రారు. వారు విడిచిపోయిన మాటలు మాత్రము ఆ యింటిలోనే యుండిపోవును.

‘పరామర్శ’ అను మాట చరిత్రయే ఇచట కొంత చెప్పును. సంస్కృతమున దానికి తాకి చూచుట, తరచి చూచుట, విచారించుట అని యర్థములు. నైయాయికులు అనుమాన ప్రమాణమును వివరించుచు, నిర్ణయమునకు తక్షణ పూర్వమున నుండు జ్ఞానమునకు ఆ పేరు పెట్టినారు. హిందీలో నేటికిని అది సలహా సంప్రదింపులకు పేరు. తెలుగున మాత్రము ఆ మాట పలుకరింపుగా కుదించుకొనినది. తరచి చూచుట పోయి తాకి పోవుట మిగిలినది. ఆ లోటు పూరించుటకు ఇంగ్లీషు నుండి ‘కౌన్సెలింగ్’ వచ్చినది. దానికిని ఇచట వింత గతియే పట్టినది. తెలుగు పత్రికలలో ఆ మాట ఎక్కువగా కనబడు చోట్లు రెండు: ఇంజనీరింగు, వైద్య కళాశాలల సీట్లు పంచు వేళ, రౌడీషీటర్లను, త్రాగి బండి నడిపినవారిని పోలీసులు పిలిపించి మందలించు వేళ. పట్టణపు వైద్యుడు ‘పిల్లవానికి కౌన్సెలింగ్ ఇప్పించండి’ అన్నచో, తన కొడుకు ఏ తప్పు చేసినాడో తెలియక పల్లెటూరి తండ్రి తల వంచుకొనుటలో ఆశ్చర్యము లేదు.

ఈ సంగతి తేటపడుటకు మూర్ఛ వ్యాధిని తీసికొనుట మేలు. ఏలనగా అది బడికి వచ్చు జబ్బు. జనము దానిని ‘ఫిట్స్’ అని పిలుతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము లోకమున సుమారు 5 కోట్ల మంది దానితో బ్రతుకుచున్నారు. సరియైన పరీక్ష, చికిత్స దొరికినచో వారిలో 70 శాతము వరకు మూర్ఛలు రాకుండ జీవింపగలరని ఆ సంస్థయే చెప్పుచున్నది. రోగులలో చాలమంది మూర్ఛ వచ్చిన ఆ కొద్ది నిముషములు తప్ప, మిగిలిన కాలమంతయు అందరివలెనే యుందురు. కనుకనే ఈ జబ్బు మనిషిని ఏ వరుసలోను నిలువనీయదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొన్నది. ఆ పట్టికలో మూర్ఛ పేరు లేదు. చట్టమున కతడు వికలాంగుడు కాడు. ఇరుగుపొరుగుల కతడు ఆరోగ్యవంతుడును కాడు.

తరగతిలో ఒక బాలుడు పాఠము నడుమ బల్ల మీది నుండి క్రింద పడినాడనుకొనుడు. కాలుసేతులు కొట్టుకొనుచున్నవి, నోట నురుగు. ఎవరో తాళపు చెవుల గుత్తి కొరకు పరుగెత్తుదురు, ఇంకెవరో ఉల్లిపాయ కొరకు. ఒకరు పండ్ల నడుమ చెంచా దూర్ప జూతురు. ఇనుము చేతిలో పెట్టగానే మూర్ఛ ఆగినదని ఊరంతయు నమ్మును. నిజమునకు మూర్ఛలలో ఎక్కువ భాగము ఒకటి రెండు నిముషములలో వాటంతట అవియే ఆగును. తాళపు చెవి సరిగా ఆ సమయమునకు వచ్చి పేరు కొట్టివేయుచున్నది. చేయవలసినది చాల స్వల్పము. గట్టి వస్తువులను దూరముగా జరుపవలెను, తల క్రింద మెత్తనిదేదైన ఉంచవలెను, మెడ దగ్గర బొత్తాము విప్పవలెను, ఒక ప్రక్కకు ఒత్తిగిలునట్లు త్రిప్పవలెను, గడియారము చూడవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు, కాలుసేతులను అదిమి పట్టరాదు. 5 నిముషములు దాటినను, తెలివి రాక మునుపే మరల వచ్చినను ఆసుపత్రికి చేర్పవలెను. నురుగు తాకినచో జబ్బు అంటుకొనునన్నది వట్టి అబద్ధము.

అసలు కథ ఆ తరువాత మొదలగును. ఆ బాలుడు తన మూర్ఛను తాను చూడలేదు. తెలివి వచ్చునప్పటికి తాను నేల మీద నున్నాడు, బట్టలు తడిసియున్నవి, చుట్టును నలువది మొగములు. తనకేమి జరిగినదో అతడు ఆ మొగములలో చదువుకొనును. అది మొదలు ఒక రెండు వారములలో బడి అతనిపై దయ చూపుటకు పూనుకొనును. ఆటలకు వద్దు, ఎండ తగులును. విహారయాత్రకు వద్దు, దారిలో ఏమైన నైనచో బాధ్యత ఎవరిది? వార్షికోత్సవ నాటకములో వేషము వద్దు. వెనుక బల్ల మీద, గోడ ప్రక్కన కూర్చుండిన మంచిది. చివరకు ప్రధానోపాధ్యాయుడు తండ్రిని పిలిపించి, కొన్నాళ్లు ఇంటనే ఉంచి చూడుమని ఎంతో మృదువుగా చెప్పును. ఒక్క మాటయు కఠినముగా పలుకబడలేదు. అన్నియు కలిపి కూడినచో వచ్చు మొత్తము వెలివేత. దీనిని చేయువారు దుర్మార్గులు కారు, భయపడినవారు. తమ భయమును వారు దయ అనుకొనుచున్నారు.

ఇంకొక రకము మూర్ఛ కలదు. అందు పడిపోవుట లేదు, నురుగు లేదు. తరచుగా నాలుగు మొదలు పది సంవత్సరముల వయస్సులో మొదలగును. పిల్ల వ్రాయుచు వ్రాయుచు ఆగిపోవును, చూపు నిలిచిపోవును, రెప్పలు కొంచెము అల్లాడును, పది సెకనులలో మరల కలము కదలును. ఒక దినమున ఇట్లు పదులసార్లు జరుగవచ్చును. పిల్లకు తెలియదు, తల్లికి తెలియదు. నడుమ నడుమ మాటలు తప్పిపోయిన డిక్టేషను పుస్తక మొక్కటే సాక్ష్యము. ఉపాధ్యాయుడు దీనికి పెట్టు పేరు పరధ్యానము, చేయు చికిత్స చెవి మెలిపెట్టుట. తెలుగు బడులలో పరధ్యానమునకు పడిన దెబ్బలలో ఎన్ని ఈ ఖాతాకు చెందునో ఎవరు చెప్పగలరు? పరధ్యానముగా నున్న పిల్ల భుజము తట్టిన ఉలికిపడును. ఈ పిల్లకు ఆ పది సెకనులలో తట్టినదే తెలియదు. ఈ భేద మెరిగిన గురువు జబ్బును వైద్యునికంటె ముందుగా అనుమానింపగలడు. దినమునకు ఐదారు గంటలు పిల్లను కనిపెట్టి యుండువాడు అతడే గదా. ఆ యనుమానమును తీర్చుటకు మెదడు విద్యుత్తరంగములను గీతలుగా చూపు ఈఈజీ పరీక్ష యున్నది. మనుష్యుని మెదడు నుండి అట్టి గీతలను తీయవచ్చునని జర్మనీకి చెందిన హాన్స్ బెర్గర్ 1929లోనే లోకమునకు ప్రకటించినాడు.

జబ్బును గూర్చిన తెలివి క్రొత్తది కాదు. ఇది దేవతల ఆగ్రహము కాదనియు, ఇతర రోగముల వలెనే ఇదియు శరీర కారణముల వలన పుట్టునదనియు హిపోక్రటీసు పేర నున్న గ్రీకు గ్రంథము క్రీస్తుకు పూర్వము 400 ప్రాంతముననే వాదించినది. చరక సంహిత దీనికి అపస్మార మని పేరు పెట్టి, దోషములను బట్టి నాలుగు విధములుగా విభజించి, నిదానస్థానమున ఒక అధ్యాయమును, చికిత్సాస్థానమున మరియొక అధ్యాయమును కేటాయించినది. అదే అపస్మారమును శిల్పులు నటరాజు పాదము క్రింది మరుగుజ్జు రాక్షసునిగా మలచినారు. తెలుగు గ్రామములు వైద్యుని మాటను విడిచి శిల్పి మాటను పట్టుకొన్నవి. ఆధునిక కాలమున 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటోయిన్ మూర్ఛకు మందులుగా నిలిచినవి. ఆ తరువాత మరి యెన్నియో వచ్చినవి. పాత మాత్రలు ఖరీదైనవి కావు. మాత్ర యుండియు మనిషి ఏల పడిపోవుచున్నాడు?

మాత్ర చేతికిచ్చినవారు మాట ఇచ్చుటకు కూర్చుండకపోవుట దీనికొక పెద్ద కారణము. రద్దీ ఆసుపత్రిలో వైద్యునికి ఒక్కొక్క రోగికి దొరకునవి కొద్ది నిముషములు. చీటీ మీద మందు పేరుండును, పూటలుండును. ఎన్నేండ్లు వాడవలెనో, మూడు నెలలు మూర్ఛ రానిచో మానవచ్చునో మానరాదో ఆ చీటీ చెప్పదు. తగ్గినదని తమంతట తామే మందు ఆపివేసినవారికి మూర్ఛ మరల వచ్చుట, ఒక్కొక్కప్పుడు ఆగకుండ వచ్చి ప్రాణము మీదికి తెచ్చుట కలదు. కనీసము రెండేండ్లు మూర్ఛలు లేకుండ గడచిన తరువాత, వైద్యుడు ఆలోచించి, క్రమముగా తగ్గింపవలసిన మందు అది. నిద్ర లేమి మూర్ఛను పిలుచును. శివరాత్రి జాగరణ చేయవచ్చునా అని ఒక తల్లి, పరీక్షల ముందు రాత్రులు మేలుకొని చదువవచ్చునా అని ఒక విద్యార్థి అడుగదలచిన ప్రశ్నలు. వైద్యుని గదిలో వరుస వెనుక నుండి త్రోయుచుండును. అడుగని ప్రశ్నలు ఇంటికి తిరిగి వచ్చును. వాటికి జవాబు చెప్పువారు ఇంటి నిండ నుందురు.

తల్లి అడుగదలచిన మరియొక ప్రశ్న కలదు. అది చాలకాలము పెదవి దాటదు. గర్భముతో నున్నప్పుడు గ్రహణము చూచినందున వచ్చినదా? తన పాపమా? పుట్టుకలో మెదడునకు ప్రాణవాయువు చాలకపోవుట, తలకు దెబ్బ, మెదడు వాపు, శుభ్రము లేని చేతుల ద్వారా ఆహారములో చేరిన బద్దెపురుగు గ్రుడ్లు మెదడున పొక్కులుగా ఏర్పడుట, వంశ లక్షణములు — కారణములిన్ని యున్నవి. ఎందరి విషయముననో కారణమే దొరకదు. పాపము ఈ పట్టికలో లేదు. ఈ యొక్క సంగతి ఎదుట కూర్చుండి, తొందర లేకుండ చెప్పువాడు దొరికినచో కొందరు తల్లులు సంవత్సరముల తరువాత ఆ రాత్రి నిద్రపోవుదురు.

ఓదార్పు వేరు, తోడు వేరు అని ఎరిగిన రచయిత రష్యాలో ఒకడు కలడు. దొస్తొయెవ్‌స్కీ స్వయముగా మూర్ఛ రోగి. ‘ఇడియట్’ నవలలో కథానాయకుడైన మిష్కిన్‌కు తన జబ్బునే ఇచ్చినాడు. 1878లో అతని చిన్న కుమారుడు అల్యోష మూడేండ్లు నిండక మునుపే మూర్ఛ వచ్చి మరణించినాడు. కొలది వారములకు అతడు ఆప్తినా మఠమునకు పోయి అంవ్రోసి అను వృద్ధ సన్యాసితో మాటలాడి వచ్చినాడు. ఆ వృద్ధుడు తనకు చెప్పి పంపిన మాటలే తరువాత ‘కరమజోవ్ సోదరులు’ నవలలోనికి వచ్చినవని అతని భార్య తన స్మృతులలో తెలిపినది. ఆ నవలలో బిడ్డను పోగొట్టుకొన్న ఒక స్త్రీ జోసిమా అను సన్యాసి కడకు వచ్చును. చనిపోయిన బిడ్డ పేరు అందును అదియే. సన్యాసి మొదట అందరును చెప్పునదే చెప్పును: బిడ్డ దేవుని సన్నిధిని దేవతలలో నున్నాడు, దుఃఖింప వలదు. తన భర్తయు ఇదియే చెప్పినాడని ఆమె యనును. బిడ్డ దేవుని కడ నుండవచ్చును, తన కడ లేడు. వాని అడుగుల చప్పుడు ఒక్కసారి విన్న చాలును. అప్పుడు సన్యాసి తన మాటను మార్చుకొనును. ఓదార్పు నీకు వలదు, ఏడువుమని యనుజ్ఞ ఇచ్చును. ఇంటివద్ద ఒంటరిగా నున్న భర్తను మరువక అతని కడకు పొమ్మనును. మాటలాడుటలో గొప్ప పని ఇచట జరిగినది: తాను చెప్పినది పనికిరాలేదని పెద్దవాడు గ్రహించి, విని, మరల మొదలు పెట్టినాడు. కౌన్సెలింగ్ శాస్త్రము నేర్చినవారు సంవత్సరముల తరబడి అభ్యసించునది చాలవరకు ఈ యొక్క విద్యయే.

పెండ్లి దగ్గర ఈ జబ్బు మరింత చీకటిలోనికి పోవుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టములో మొదట మూర్ఛ ప్రసక్తి లేదు. 1976 సవరణ దానిని ఉన్మాదముతో జతపరచి, పదేపదే మూర్ఛ వచ్చువారిని వివాహమునకు అనర్హులను చేసినది. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. ఇరువది మూడేండ్లు చట్టములో నుండిన ఒక మాట కాగితము మీద కొట్టివేసినంతమాత్రమున పెండ్లి చూపుల నాటి సంభాషణల నుండి పోదు. సంబంధము తప్పిపోవునను భయముతో కూతురి జబ్బును దాచుదురు. దాచిన జబ్బుకు మాత్ర వేసికొనుట ఎట్లు? అత్తవారింట పెట్టె విప్పినచో మాత్రలు కనబడును. పిల్ల మాత్రలు మానును. పెండ్లి హడావిడిలో నిద్ర లేదు, ఉపవాసము, అలసట. కోరి పిలిచినను మూర్ఛ కింతటి అనువైన సమయము దొరకదు. క్రొత్త యింట మొదటి నెలలో ఆమె పడిపోవును. అటుపై జబ్బు కంటె మోసమన్న మాటయే పెద్దదగును. ఈ విషయమున తలిదండ్రులకు నీతి బోధించుట సులభము, ప్రయోజనము మాత్రము శూన్యము. చెప్పి చేసిన పెండ్లి నిలుచుననియు, మందు వాడుచునే బిడ్డలను కనవచ్చుననియు, అయితే గర్భమునకు ముందే వైద్యుని అడిగి తగిన మందునకు మారవలసి యుండవచ్చుననియు ఎదురుగా కూర్చుండి వివరించువారు కావలెను. పిల్లకు పదునాలుగేండ్లున్నప్పుడే ఆ మాటలు మొదలు కావలెను. పదునాలుగేండ్ల పిల్ల బడిలో నున్నది.

అందుచేత మాట మరల బడి గుమ్మమునకే వచ్చుచున్నది. ఎన్నికల విధులు, జనగణన, మధ్యాహ్న భోజనపు లెక్కలు మోయుచున్న ఉపాధ్యాయుని నెత్తిన ఇంకొక మూట పెట్టుట న్యాయమా అని అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. ఉపాధ్యాయుడు మనోవైద్యుడు కాడు, కానక్కరలేదు. దీర్ఘవ్యాధితో నున్న పిల్ల తిండి మానినను, చదువుపై, ఆటపై మనసు విరిగినను, బ్రతుకు మీద విసుగు మాటలు పలికినను అది గురువు స్వయముగా వైద్యము చేయదగినది కాదు. నిపుణుల కడకు వెంటనే పంపవలసినది. జిల్లాకొక శిక్షితుడైన సలహాదారుని పెట్టి బడులను పంచియిచ్చుట ప్రభుత్వముల పని. ఆ పని జరుగువరకు గురువు చేయగలది ఒకటి మిగిలియున్నది: ఆ పిల్లను పనిలోనుండి తప్పింపకుండుట. ఈత, చెట్లెక్కుట వంటి వాటిలో జాగ్రత్త కావలెను. వైద్యుని అడిగి, పెద్దవారి కనుసన్నలలో మిగిలినవన్నియు ఆడవచ్చును. ఏ ఆట కూడదో పిల్లతో కూర్చుండి తేల్చుకొనుటకును, పిల్ల లేనప్పుడు నిర్ణయించుటకును గల భేదమును పిల్లలు వెంటనే పసిగట్టుదురు.

ఏటా నవంబరు 17న జాతీయ మూర్ఛ దినము వచ్చును. ఆనాడు కొన్ని చోట్ల ప్రసంగములు, ఊరేగింపులు జరుగును. వేదిక మీద రోగుల ధైర్యమును పొగడుదురు. జబ్బు మనిషిని పొగడుట కూడ ఒక్కొక్కప్పుడు అతనిని ఎడముగా నుంచుటయే. ఆ ప్రసంగముల కంటె, అదే జబ్బుతో ఇంటరు ముగించి ఉద్యోగము చేయుచున్న ఒక యువతిని పిలిచి, తలుపు మూసి, జబ్బు పిల్లలతో గంటసేపు వదలివేయుట మేలు. మాత్ర మరచిన రోజున ఆమె ఏమి చేయునో, స్నేహితురాండ్రకు ఎట్లు చెప్పినదో వైద్యుడు చెప్పలేడు, గురువు చెప్పలేడు.

తరగతికి చెప్పవలసినదియు ఎక్కువ లేదు. పిల్లవాని యనుమతితో, అతడు గదిలో నుండగానే, పది నిముషములు చాలును. మెదడులో విద్యుత్తు క్షణకాలము క్రమము తప్పును, మరల సర్దుకొనును, అంటుకొనదు, ఇట్లు చేయుడు, ఇట్లు చేయకుడు. పిల్లలు పెద్దలకంటె త్వరగా నేర్తురు. ఇద్దరికి రెండు పనులు పంచిన ఇంకను మంచిది: ఒకడు సంచిని తల క్రింద పెట్టువాడు, ఒకడు గడియారము చూచి చిన్న పుస్తకములో వ్రాయువాడు. వైద్యుడు మూర్ఛను కన్నులార చూచుట అరుదు, కనుక ఆ పుస్తకము అతనికి ఎంతయో విలువైనది. తేదీ, గంట, ఎంతసేపు, మొదట ఏ చేయి కదలినది, ముందునాటి రాత్రి నిద్ర ఉన్నదా, ఉదయపు మాత్ర వేసికొన్నాడా — ఇంతే అందు వ్రాయవలసినది. మూర్ఛ ఆగిన తరువాత కొంతసేపు మత్తుగా నుండును. ఒక ప్రక్కగా పడుకొననిచ్చి, ఒకరు దగ్గర కూర్చుందురు. మిగిలినవారు లెక్క పూర్తి చేసికొనుచుందురు. ఆ తరువాత అతడు లేచి, మొగము కడుగుకొని వచ్చి, పాఠము ఎంతవరకు నడచినదని అడుగును. ప్రక్కవాడు పుస్తకము జరిపి పుట చూపును.